ఏడో మెట్టు

పాత పెట్టె చచ్చిపోలేదు, అదే దాని తప్పు.
చస్తే అవతల పారేసి మరిచిపోయేవాళ్ళం.
ఇది రోజుకి నాలుగుసార్లు కళ్ళు తేలేస్తుంది.
తీగ పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చితే
ఏమీ ఎరగనట్టు పచ్చగా నవ్వుతుంది.

ముప్పైకి బదులు బిరిటా
అల్లికసూదుల మీద కుట్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.
"రెండు వరసలయ్యాయి, పెట్టేయ్" అంటుంది వంటింట్లోంచి.
నా స్వెట్టరుకి ఎడమచెయ్యి మొత్తం
ఈ పెట్టె సొమ్మసిల్లిన వేళల్లో పుట్టిందే.

కింద నేలమాళిగలో అద్దెకుండే ఆనలిన్‌ది వేరే లెక్క.
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
ఇలోయిలోలో ఉన్న నాన్నకి ఫోను చెయ్యాలంటే
నల్లరాతి గోడలు దాటి సిగ్నలు ఏడో మెట్టు దాకే దిగుతుంది.
అక్కడే కూర్చునేది, బూట్లతో, చేపవాసనతో.
బిరిటా తలుపు ఓరగా తీసి టీ కప్పు అందించేది.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు తీరం రేడియోలో కూర్చున్నవాణ్ణి.
పొగమంచులో దీవులు ఒక్కొక్కటే మాయమవుతుంటే
పడవలకి వాతావరణం చదివి వినిపించాను.
గొంతు పెద్దది కానక్కర్లేదు,
తెగకుండా ఉంటే చాలు.

అందుకని ఫెర్రీ ఎక్కి, రెండు గంటలు ఊగి, టోర్స్‌హావ్న్ వెళ్ళాను.
దుకాణంలో రోకుర్ అనే కుర్రాడు
ఎనిమిది యాంటెన్నాలది తీసి బల్ల మీద పెట్టాడు,
వెల్లకిలా పడ్డ పీతలా ఉంది.
"సెకనుకి ఎంత తాగుతుందో తెలుసా?"
తాగుడు సంగతి నాకా చెబుతావు, పడవలవాళ్ళతో బతికినవాణ్ణి!
ఎంత తాగాడన్నది కాదు బాబూ,
తెల్లారి డ్యూటీకొచ్చాడా లేదా?

తర్వాత సబ్బుబిళ్ళల్లాంటివి మూడు.
ఇంట్లో తలో మూల పెడితే
ఒకదాని మాట ఇంకోటి మోస్తుందట.
మా ఊళ్ళో ఆ పనికి పక్కింటి సిగ్గా ఒక్కతే చాలు.

ఆఖర్న కింది అరలోంచి ఒకటి తీశాడు.
నల్లది, బరువైంది, వెనక యు.ఎస్.బి. డిస్కుకి చోటుంది.
"మూడేళ్ళనాటి మోడల్" అన్నాడు, తనదే తప్పైనట్టు.
మూడేళ్ళంటే దీని జబ్బులన్నీ ఎవరో ఒకరు
తిట్టుకుంటూ పడి, దిద్దించి ఉంటారు.
అదే కట్టించాను.
తిరుగుదారిలో అలలు బల్లలెక్కుతుంటే
ఒళ్ళో పెట్టుకుని రెండుచేతులా పట్టుకున్నాను.

పెట్టి ఐదు వారాలు.
పడలేదు. ఒక్కసారీ పడలేదు.
డిస్కులో ఉన్న కాయిర్ రిహార్సళ్ళు, పడవపందేలు, రెండొందల సినిమాలు
పైగది టీవీలోకి నడిచొస్తున్నాయి.
స్వెట్టరు కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర ఆగింది.
ఏడో మెట్టు ఖాళీ.
ఆనలిన్ ఇప్పుడు మంచం మీదే పడుకుని మాట్లాడుకుంటుంది.
బిరిటా కెటిల్ పెట్టి, తలుపు దాకా వెళ్ళి,
గొళ్ళెం సరిచూసినట్టు నటించి వెనక్కొస్తుంది.

నిన్న రాత్రి టీవీ జాబితాలో
మేం పెట్టని ఫోల్డరు ఒకటి: "నాన్న".
అందరూ చూడొచ్చని తెలిసి పెట్టిందో, తెలియక పెట్టిందో.
బిరిటా వద్దంది. నేను నొక్కేశాను.
నీలంరంగు పడవ, వంగిన వీపు,
పదకొండు నిమిషాలు ఒకటే ఇంజను మోత.
ఒక్క మాట లేదు.

వింటున్నాను. ఇంకోసారి విన్నాను.
టకటకటక... ట, టకటకటక... ట.
మూడో సిలిండర్ దెబ్బ తప్పుతోంది,
ఆయన ఇంకెక్కడో వెతుకుతున్నాడు.

లేచి చెప్పులేసుకున్నాను.
"ఇంత రాత్రప్పుడు ఎక్కడికి?" అంది బిరిటా,
అంటూనే రెండు కప్పులు తీసింది.
మెట్లు దిగి, ఏడో దాని మీద ఆగి,
ఆ పిల్ల పేరెట్టి పిలిచాను.